టీబీ గోల్డ్ పాజిటివ్ వస్తే టీబీ వచ్చినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక విప్పగానే మడతల్లోంచి ఒక రంగుల కరపత్రం జారి కింద పడింది. మా పట్టణంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వారు ‘ఊపిరితిత్తుల ప్యాకేజీ’ పేరుతో రాయితీ ధరకు చేస్తామంటున్న రక్త పరీక్షల జాబితా అది. టీబీ గోల్డ్, కోవిడ్ యాంటీబాడీ, ఇంకా రెండు మూడు పరీక్షలు కలిపి ఇంటిల్లిపాదీ చేయించుకుంటే, దగ్గు ఉన్నా లేకపోయినా, లోపల దాగి ఉన్న క్షయ ముందే బయటపడుతుందని అందులో రాశారు. కరపత్రాలను పత్రికలో పెట్టేది ఏజెంటే గాని సంపాదకులు కాదని నాకు తెలుసు. అయినా ఆ కాగితం మీ పత్రికతోపాటే మా ఇంట్లోకి వచ్చింది కనుక, దాని మీద నాలుగు మాటలు మీ పత్రికలోనే రావడం న్యాయమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఆసుపత్రులలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అందులో సగానికి పైగా కాలం తెమడ పరీక్షలతోనే గడిచిపోయింది. గాజు పలక మీద తెమడ పలచగా పూసి, ఆరబెట్టి, కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద నుంచి సెగ చూపి, ఆమ్లంతో కడిగి, మిథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోపు కింద పెడితే, నీలిరంగు నేల మీద ఎర్రటి సన్నని పుల్లల్లా క్షయ క్రిములు కనపడేవి. వంద ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒక్కోసారి కంటికి ఆనే వంద వలయాలు, చూడనిదే నెగెటివ్ అని రాయకూడదని మాకు నేర్పారు. మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల దాకా క్రిములు ఉంటే తప్ప ఆ పరీక్షకు చిక్కవు, అది దాని లోపం. కానీ చిక్కినప్పుడు అది చెప్పే మాటలో డొంకతిరుగుడు ఉండేది కాదు: క్రిమి ఇదిగో, ఇక్కడ ఉంది. ఇప్పుడు వచ్చిన సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు అదే పనిని క్రిమి జన్యుపదార్థాన్ని పట్టి ఇంకా సూక్ష్మంగా చేస్తాయి. టీబీ గోల్డ్ ఆ జాతి పరీక్ష కాదు. అది క్రిమిని వెతకదు. మన ఒంట్లోని రక్షణ కణాలను పిలిచి, ఈ క్రిమిని మీరు మునుపెప్పుడైనా చూశారా అని అడుగుతుంది. ఈ తేడా తెలియకనో, తెలిసీ చెప్పకనో జరుగుతున్న అనర్థం గురించే నా బాధ.

నిరుడు మా చిన్నాన్న కూతురి ఇంట్లో జరిగింది చెబుతాను. వాళ్ల అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాలు చాలా వరకు మన దేశం నుంచి వెళ్లే విద్యార్థులను క్షయ రక్త పరీక్ష రిపోర్టు అడుగుతాయి. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు ల్యాబులో టీబీ గోల్డ్ పరీక్షకు రక్తం ఇచ్చింది. రెండు రోజులకు ఫోన్లోకి వచ్చిన రిపోర్టులో ముదురు అక్షరాలతో పాజిటివ్ అని ఉంది. ల్యాబు కౌంటరులోని మనిషి ‘టీబీ ఉందమ్మా, ఆలస్యం చేయకండి’ అన్నాడట. వీళ్లు పరుగున వెళ్లిన వైద్యుడు ఎక్స్‌రే కూడా తీయించకుండా క్షయ జబ్బుకు వాడే నాలుగు మందుల కోర్సు మొదలుపెట్టారు. అప్పటికే ఖాయమైన సంబంధం వారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మాయి కంచం, గ్లాసు వేరు చేశారు. పదో రోజు పొద్దున్నే మా చెల్లెలు నాకు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, పిల్లకు మూత్రం ఎర్రగా వస్తోంది, కిడ్నీలు పోయాయేమో’ అని ఒకటే ఏడుపు. ఆ నాలుగింటిలో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్నవారికి మూత్రం నారింజ రంగులో రావడం మామూలేనని, దానికి భయపడక్కర్లేదని చెప్పి, అసలు ఆ మందు దానికెందుకని అడిగితే ఈ కథంతా బయటికి వచ్చింది.

ఆ అమ్మాయికి దగ్గు లేదు, సాయంత్రపు జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఛాతీ వ్యాధుల ప్రభుత్వ వైద్యుని దగ్గరకు తీసుకెళ్తే ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. తెమడ ఇమ్మంటే లాలాజలం తప్ప ఏమీ రాలేదు. ఆయన అన్నీ పరిశీలించి ఆ నాలుగు మందులను ఆపించారు. క్రిమి ఎప్పుడో సోకి లోపల నిద్రపోతోందే తప్ప జబ్బు లేదని, అది మేల్కొనకుండా వారానికి ఒక మోతాదు చొప్పున 12 వారాలు వేసుకునే నివారణ మందు వేరే ఉందని వివరించారు. నేను టెక్నీషియన్‌నే గాని వైద్యుడిని కాను. ఎవరి వైద్యాన్నీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ రిపోర్టు ఏం చెబుతుందో, ఏం చెప్పదో చెప్పే అర్హత మాత్రం ఉంది.

ఆ పరీక్ష జరిగే తీరు చూస్తే విషయం తేటపడుతుంది. రక్తాన్ని ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున నాలుగు గొట్టాల్లోకి తీస్తారు. వాటి మూతలు బూడిద, ఆకుపచ్చ, పసుపు, ఊదా రంగుల్లో ఉంటాయి. ఆకుపచ్చ, పసుపు మూతల గొట్టాల లోపలి గోడలకు ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 అనే క్షయ క్రిమి ప్రొటీన్ల ముక్కలు పూసి ఉంటాయి. యాంటీజెన్ అంటే ఇవే, మన రక్షణ కణాలు శత్రువును పోల్చుకునే ఆనవాళ్లు. గొట్టాలను పదిసార్లు తలకిందులుగా ఊపి, 37 డిగ్రీల వేడిలో 16 నుంచి 24 గంటలు ఉంచుతారు. ఆ మనిషి రక్షణ కణాల్లో ఒక రకమైన టి కణాలు ఇంతకుముందు ఈ క్రిమిని ఎదుర్కొని ఉంటే, ఆ ముక్కలు తగలగానే గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. మరునాడు కొలిచేది దాన్నే. ఏమీ పూయని బూడిద మూత గొట్టంలో ఉన్నదాన్ని తీసివేయగా మిగిలింది 0.35 యూనిట్లకు తగ్గకుండా ఉంటే సాధారణంగా పాజిటివ్ అంటారు. ఊదా మూత గొట్టంలో ఏ టి కణాన్నైనా రెచ్చగొట్టే పదార్థం ఉంటుంది. దానికి కూడా కణాలు ఉలకకపోతే, ఆ మనిషి రక్షణ వ్యవస్థే మగతగా ఉందని అర్థం చేసుకుని, రిపోర్టులో ఇండిటర్మినేట్, అంటే తేల్చలేం అని రాస్తారు. ఆ మాటను నెగెటివ్‌గా చదువుకుని సంతోషించినవారిని కూడా నేను చూశాను. గీతకు అటూ ఇటూ ఉన్న అంకెలు రెండోసారి చేస్తే మారిపోవడమూ మాకు అలవాటే. గొట్టాన్ని ఊపిన తీరు, ల్యాబు చేరడానికి పట్టిన సమయం కూడా ఫలితాన్ని కదిలిస్తాయి.

క్రిమిని వెతక్కుండా ఒంటినే అడిగే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ 1890లో, ఆ క్రిముల నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్‌ను క్షయకు మందుగా ప్రకటించి అభాసుపాలయ్యారు. అది మందుగా పనికిరాలేదు. కానీ క్రిమి సోకినవారి చర్మంలోకి దాన్ని చుక్క ఎక్కిస్తే అక్కడ గట్టిపడుతుందన్న గమనిక నుంచి 1907లో ఫాన్ పిర్కే, 1908లో మాంటూ చర్మ పరీక్షలను తయారుచేశారు. మాంటూ పరీక్ష మన ఆసుపత్రుల్లో ఈనాటికీ ఉంది. 48 నుంచి 72 గంటల తర్వాత ముంజేతి మీద బాల్‌పెన్నును మెల్లగా జరుపుకుంటూ పోయి, అది ఆగిన చోట గీత గీసి, అవతలి వైపు నుంచీ అలాగే గీసి, మధ్య దూరాన్ని స్కేలుతో కొలవాలి. కొలవాల్సింది గట్టిదనాన్ని, ఎర్రదనాన్ని కాదు. ఈ చిన్న సంగతి తెలియక ఎర్రగా కందిన చోటంతా కొలిచి 20 మిల్లీమీటర్లని రాసిన రిపోర్టులు ఎన్ని నా చేతికి వచ్చాయో లెక్కలేదు.

మాంటూకు ఇంకో చిక్కుంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా వల్ల, నీటిలోను మట్టిలోను ఉండే క్షయ క్రిమి దాయాదుల వల్ల కూడా చర్మం గట్టిపడవచ్చు. ఆరోగ్యవరం శానిటోరియం అనే క్షయ ఆసుపత్రి పుణ్యమా అని ఈ బీసీజీ చరిత్రలో మన మదనపల్లెకూ చోటుంది. అక్కడి వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ బృందం 1950 నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ ఎంత కాపాడుతుందో ఏళ్ల తరబడి పరిశీలించింది. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన పెద్ద ప్రయోగంలో ఆ టీకా పెద్దవారిని ఊపిరితిత్తుల క్షయ నుంచి కాపాడలేదని తేలింది. పసిపిల్లలను మెదడు క్షయ వంటి ప్రమాదకర రూపాల నుంచి కాపాడుతుంది కనుక పుట్టగానే వేయడం మాత్రం మానకూడదు. ఇక పరీక్షల సంగతికొస్తే, కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆవుల క్షయ క్రిమిని 1908 నుంచి 1921 దాకా 230 సార్లు మార్చి మార్చి పెంచి నీరసపరిచి బీసీజీని చేసే క్రమంలో, ఆ క్రిమి తన జన్యువుల్లో ఒక ముక్కను పోగొట్టుకుంది. ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 తయారయ్యేది ఆ ముక్కలోనే. అందుకే ఆ రెండు ప్రొటీన్లతో చేసే పరీక్షలు బీసీజీ టీకా వల్ల మోసపోవు. టీబీ గోల్డ్ గొప్పతనం అదే. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సై-టీబీ అనే చర్మ పరీక్షకూ అదే ఆధారం, దాన్ని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన చర్మ పరీక్షల్లో చేర్చింది. అయితే పాతదైనా కొత్తదైనా, చర్మం మీద చేసినా గొట్టంలో చేసినా, ఈ పరీక్షలన్నీ అడిగేది ఒకే ప్రశ్న: క్రిమి ఎప్పుడైనా సోకిందా? ఇప్పుడు జబ్బు చేసిందా అన్న ప్రశ్నకు వీటి దగ్గర జవాబు లేదు. జబ్బును నిర్ధారించడానికి వీటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే స్పష్టంగా చెప్పింది.

ఆ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరం ఉందో మన దేశపు లెక్కలే చెబుతాయి. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 31 శాతం మందికి క్రిమి సోకిన జాడ కనిపించింది. అంటే లక్షకు 31 వేల మంది. అదే సర్వేలో ఊపిరితిత్తుల క్షయ పరీక్షలతో రుజువైనవారు లక్షకు 316 మంది. జాడ ఉన్న వందమందిని వరసగా నిలబెడితే, ఆ రోజున జబ్బు ఉన్నవారు ఒక్కరు తేలతారన్నమాట. సోకినవారిలో జీవితకాలం మొత్తం మీద జబ్బుగా మారేది 5 నుంచి 10 శాతం మందికే. మిగిలినవారిలో రక్షణ కణాలు క్రిమి చుట్టూ గూడు కట్టి దాన్ని బంధించి ఉంచుతాయి. పాజిటివ్ అన్న మాట చాలామంది విషయంలో ఒళ్లు ఓడిపోయిందనడానికి గుర్తు కాదు, కాపలా కాస్తోందనడానికి గుర్తు. ఇంటిల్లిపాదికీ ఈ పరీక్ష చేయిస్తే ప్రతి ముగ్గురు పెద్దవారిలో ఒకరికి పాజిటివ్ వచ్చే దేశంలో ‘ప్యాకేజీ’ ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు.

అలాగని పాజిటివ్‌ను చెత్తబుట్టలో వేయమని నేననడం లేదు. ఇంట్లో ఒకరికి తెమడలో క్రిములు పడుతున్నప్పుడు పక్కనే పడుకునే పిల్లలు, పెద్దలు, హెచ్ఐవీ ఉన్నవారు, కీళ్లవాతానికి, ఒంట్లో వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అణచే ఇంజెక్షన్లు మొదలుపెట్టబోయేవారు, కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్నవారు, వీరి విషయంలో నిద్రపోతున్న క్రిమిని వెతికి నివారణ మందు ఇవ్వడం ప్రాణాలు నిలిపే పని. అక్కడ ఆ పరీక్ష పెట్టే ఖర్చుకు తగినదే. అప్పుడు కూడా ముందు లక్షణాలు అడిగి, ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేల్చుకున్నాకే నివారణ మందు. దగ్గు లేదని ఎక్స్‌రే మానేయడం కూడా పొరపాటే. పైన చెప్పిన సర్వేలోనే ఎక్స్‌రే తీయకపోయి ఉంటే, తేలిన రోగుల్లో 42 శాతానికి పైగా తప్పిపోయేవారు.

రెండో వైపు ప్రమాదం ఇంతకన్నా పెద్దది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రక్షణ కణాలను అడిగే పరీక్ష, ఆ కణాలే నీరసించినప్పుడు మూగబోతుంది. తీవ్రమైన పోషకాహార లోపం, హెచ్ఐవీ, ముదిరిన క్షయ ఉన్నవారిలో మాంటూ, టీబీ గోల్డ్ రెండూ నెగెటివ్ రావచ్చు. ఎముకల గూడుగా మారిన ఒక రిక్షా కార్మికుడు మాంటూ నెగెటివ్ కాగితం జేబులో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. అతని తెమడ పలక మీద ఒక్కొక్క ఫీల్డులో పదికి పైగా పుల్లలు ఉన్నాయి. ఇలాంటివారి కోసమే క్రిమి ఆనవాలును సూటిగా పట్టే పరీక్ష ఒకటి వచ్చింది. క్షయ క్రిమి పైపొరలో ఉండే లామ్ అనే పదార్థం రక్తంలోంచి మూత్రపిండాల ద్వారా మూత్రంలోకి దిగుతుంది. మూత్రాన్ని రెండు చుక్కలంత పట్టీ మీద వేసి 25 నిమిషాలు ఆగితే గీత కనిపిస్తుంది. హెచ్ఐవీ ఉన్నవారి కోసం దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసి, 2019లో మరింత మందికి విస్తరించింది. ఇందులోని వింత ఏమిటంటే, రోగి రక్షణ వ్యవస్థ ఎంత కుంగితే ఈ పరీక్ష అంత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కాపలా లేని ఒంట్లో క్రిమి ఊపిరితిత్తులు దాటి అంతటా పాకుతుంది. ఒళ్లు గుల్ల అయినవారి విషయంలో టీబీ గోల్డ్ మాట మూగబోయే చోటే ఈ పట్టీ మాట్లాడుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘టీబీ టెస్టు’ అనడం ఎంత పొరపాటో దీన్నిబట్టే ఊహించవచ్చు.

రక్తంలో యాంటీబాడీలను, అంటే క్రిమికి ఎదురుగా ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లను, కొలిచి క్షయను చెప్పే కిట్లు ఒకప్పుడు మన వీధి ల్యాబుల్లో విరివిగా ఉండేవి. ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలకు రెండు అంకెలు రాసి ఇచ్చేవారు. క్షయ క్రిమి రక్షణ కణాల లోపలే కాపురం పెడుతుంది కనుక దానితో పోరు ప్రధానంగా టి కణాలదే. రక్తంలో తిరిగే యాంటీబాడీలను చూసి జబ్బు ఉందో లేదో చెప్పడం కుదరదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దని చెప్పాక, 2012 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కిట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, వాడకం అన్నింటినీ నిషేధించింది. అది మంచి నిర్ణయం. జ్వరం వచ్చిన మర్నాడే, యాంటీబాడీలనే చూసే వైడల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అని తేల్చుకునే మన అలవాటు మాత్రం ఏ నిషేధానికీ లొంగలేదు.

కోవిడ్ కాలంలో ఈ గందరగోళాన్ని రాష్ట్రమంతా ఒకేసారి చూసింది. అప్పుడు తిరగబడి వచ్చింది సమస్య: క్రిమిని వెతికే పరీక్షనే జనం అతిగా నమ్మారు. 2020 జూన్ 14న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ర్యాపిడ్ యాంటీజెన్ కిట్‌ను అనుమతించినప్పుడే, అది పాజిటివ్ చూపితే నమ్మవచ్చని, లక్షణాలున్న మనిషికి నెగెటివ్ చూపితే మాత్రం ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి అని చెప్పింది. వారి పరిశీలనలో ఆ కిట్ కోవిడ్ ఉన్నవారిలో 50.6 నుంచి 84 శాతం మందినే పట్టగలిగింది. ముక్కులో వైరస్ ఎంత ఎక్కువ ఉంటే అంత బాగా పడుతుంది, తొలిరోజున, చివరి రోజుల్లో తప్పిపోతుంది. మా ఆరోగ్య కేంద్రం ఆవరణలో టెంటు కింద కూర్చుని నేను వందల కిట్లు చదివాను. 15 నిమిషాలకు ముందు చూడకూడదు, 30 దాటాక చూడకూడదు. కిట్ మీద టి అనే అక్షరం దగ్గర వెంట్రుకంత గీత ఉన్నా పాజిటివే. ఆ మసక గీతను ‘లేనట్టే కదండీ’ అని బతిమాలి, నెగెటివ్ రాయించుకుని పెళ్లికి వెళ్లాలనుకున్నవారు ఎందరో.

యాంటీబాడీ పరీక్ష సరైన చోట పనిచేసింది కూడా అప్పుడే. జనం రక్తంలో యాంటీబాడీలను వెతుకుతూ ఐసీఎంఆర్ దేశమంతటా చేసిన సీరో సర్వేలలో ఆంధ్రప్రదేశ్ నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం, తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాలు ఉన్నాయి. 2021 జూన్, జూలైలలో జరిగిన నాలుగో సర్వేలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. ఒక ఊరిలో ఎంతమందిని వైరస్ పలకరించి పోయిందో లెక్కగట్టడానికి అది తగిన పని. ఈ మనిషికి ఇవాళ కోవిడ్ ఉందా అనడానికి కాదు. టీకా వేసుకున్నాక ఆ అంకెకు అర్థం ఇంకా మసకబారింది. కోవిషీల్డ్ వైరస్ పైనున్న ముల్లు ప్రొటీన్‌కే యాంటీబాడీలు పుట్టిస్తుంది. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది కనుక లోపలి ప్రొటీన్‌కూ పుట్టవచ్చు. కాబట్టి ఏ టీకా వేసుకున్నారో, ల్యాబు ఏ ప్రొటీన్‌కు కొలిచిందో తెలియకుండా ఆ అంకెను చూసి ధైర్యపడటానికీ లేదు, భయపడటానికీ లేదు. నేటి ప్యాకేజీలో ఆ పరీక్ష ఇంకా ఎందుకు ఉందో నాకు బోధపడలేదు.

సంపాదకులుగా మీకు నా మనవి ఒకటే. మీ ఆరోగ్య పేజీలోను, జిల్లా వార్తల్లోను ‘రక్త పరీక్షలో టీబీ బయటపడింది’ అన్న వాక్యం వచ్చినప్పుడు, ఏ పరీక్ష, క్రిమి కనిపించిందా లేక సోకిన జాడ కనిపించిందా అని విలేఖరిని అడిగి రాయించండి. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తెమడ పరీక్ష ఉచితమని పక్కన ఒక్క ముక్క చేర్చండి. ల్యాబుల యజమానులకు, వారి మీద అజమాయిషీ చేసే జిల్లా అధికారులకు ఇంకొక మాట. మా చెల్లెలి కూతురి రిపోర్టును నేను చివరిదాకా చదివాను. రెండో పేజీ అడుగున, చీమ తలకాయలంత ఇంగ్లిషు అక్షరాలతో, ఈ పరీక్ష ఒక్కటే క్షయ వ్యాధిని నిర్ధారించదని రాసే ఉంది. ఆ వాక్యాన్ని తెలుగులో, మొదటి పేజీలో, పాజిటివ్ అన్న మాట ఎంత పెద్దగా అచ్చవుతోందో అంత పెద్దగా, దాని కిందే అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు జిల్లా